చాట కింద లోటా

లోటా నిండా నీళ్ళు పోస్తే నడిచేటప్పుడు తొణికి చప్పుడవుతుంది. తక్కువ పోస్తే చాలవు. గుల్షన్ బీ మెడ దాకా పోసింది. దాన్ని బీడీల గంప నడుమ పెట్టి, కదలకుండా చుట్టూ బీడీ కట్టలు పేర్చింది. పైన చాట బోర్లించి, చాట మీద తువ్వాల పరిచింది. ఇప్పుడది చూసినవాళ్ళకు వట్టి బీడీల గంప. కార్ఖానాకు మాల్ పట్టుకుపోయే ఆడమనిషిని కోరుట్లలో ఎవరూ ఆపి అడగరు. తలెత్తి చూడరు కూడా.

"అయ్యిందా అమ్మీ?" అంది కోడలు రుఖయ్యా.

"అయ్యింది బేటీ. బురఖా ఏసుకో. జల్ది నడువకు, పొట్ట కదుల్తది."

రుఖయ్యా ఒళ్ళోంచి చాట దించి, గోడ పట్టుకుని లేచింది. ఆమెకిది ఎనిమిదో నెల. చీకటితో లేచినప్పటి నుంచి ఆపుకుని కూర్చుంది. తునికాకు కత్తిరిస్తూ, తంబాకు పోసి చుడుతూ, మోకాళ్ళు ఒకదానికొకటి ఆనించి పెదవి కొరుక్కుంటూ ఉంటే గుల్షన్ బీ చూడలేకపోయింది. ఆ ఇంట్లో మాటలు ఉర్దూలో నడుస్తాయి, గడప దాటితే తెలుగులో. కష్టమొచ్చినప్పుడు మాత్రం ఏది ముందు నోటికొస్తే అది.

ఆ వాడ మొత్తం బండ మీద కట్టింది. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేస్తాయి తప్ప గుంత పడదు. వరసగా గదులు, గదికో కుటుంబం. ఇంటింటికీ మరుగుదొడ్డి అనే మాట అక్కడ చెల్లదు. రోడ్డుకు అవతల సర్కారు తుమ్మల అడవి ఉండేది. ముళ్ళు గుచ్చుకునేవి, పాములు తిరిగేవి, అయినా ఆడవాళ్ళకు చాటుండేది. పోయిన ఏడాది ఆ తుమ్మలన్నీ కొట్టించి, నేల చదును చేయించి, అక్కడ మరుగుదొడ్లు కట్టారు. ఓ సగం ఆడవాళ్ళకు, ఓ సగం మగవాళ్ళకు. హైదరాబాదులో గీసిన నమూనా అట. తలుపులన్నీ రోడ్డు వైపు. రోడ్డు లైటు పడుతుంది, ఆడవాళ్ళకు భద్రం అని నమూనా గీసిన ఇంజనీరు చెప్పాడు. గాలాడాలని తలుపు కింద జానెడు సందు. లోపల నల్లా పెడితే విరగ్గొడతారని నీళ్ళతొట్టి బయట, తలుపుల ముందే పెట్టారు.

అడగలేదని మాత్రం అనడానికి లేదు. కట్టేముందు మీటింగ్ పెట్టారు. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు చాపల మీద. దొడ్ల పని చూసే సంస్థలో చేసే సుజాత మైకు పట్టుకుని, దర్వాజలు రోడ్డు దిక్కు పెడితే సరేనా అని అడిగింది. మామలు, బావలు, మరుదులు వరసగా కూర్చున్న చోట చెంబట్క పోవుడు గురించి ఏ ఆడది నోరు తెరుస్తుంది? అందరూ కొంగులు సర్దుకున్నారు. గుల్షన్ బీ తల కూడా ఊపింది. ఊపకపోతే మీటింగ్ అయిపోదు, ఇంటిదగ్గర తడిపి పెట్టిన ఆకు ఎండిపోతుంది.

కట్టిన తర్వాత తెలిసొచ్చింది. లోటాతో ఆ తలుపుల ముందు నిలబడటమంటే రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ చెప్పి లోపలికి పోవడమే. అప్పుడే ఈ గంప ఉపాయం పుట్టింది. ఎవరు కనిపెట్టారో గానీ వాడంతా నేర్చుకుంది. కార్ఖానా ఆ రోడ్డు కొసనే ఉంటుంది కాబట్టి, అటు పోతున్నట్టే పోయి దొడ్ల దగ్గర పక్కకు తిరగడమే.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, బొగ్గుబావులు బందయి కరెంటు ఎప్పుడుంటుందో తెలియకుండా పోయింది. ఊళ్ళో అంత చదునైన జాగా మరొకటి లేదని సమ్మె టెంట్ సరిగ్గా దొడ్ల ముందే వేశారు. గుల్షన్ బీ ఎవరినీ తప్పు పట్టలేదు. తెలంగాణ రావాలని ఆమెకూ ఉంది. రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు, టెంట్ వాళ్ళకు ఉల్లిగడ్డలు కోసిచ్చింది ఆమే. కొడుకు ఆదిల్ సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు నడుపుతాడు. కరెంటు లేక సాంచాలు ఆగిపోతే ఏదో లారీ ఎక్కి ఇంటికొచ్చి, ఇప్పుడు పొద్దంతా ఆ టెంట్ కిందే ఉంటున్నాడు.

అత్తా కోడళ్ళు రోడ్డు దాటారు. గుల్షన్ బీ ముందు, గంపతో. రుఖయ్యా వెనక, ఒక చెయ్యి నడుము మీద వేసుకుని. మైకులో ఎవరో పాట పాడుతున్నారు, టెంట్ కింద చప్పట్లు కొడుతున్నారు. అంతా అటు చూస్తున్నారు, మంచిదే అనుకుంది గుల్షన్ బీ.

"ఆగుండ్రి, ఆగుండ్రమ్మా!"

ఒకడు అడ్డం వచ్చాడు. ఆమె ఎరిగిన ముఖం కాదు. కథలాపూర్ వైపు నుంచి వచ్చిన జనంలో మనిషి.

"మాల్ యాడికి? ఇయ్యాల్టి సంది బీడీ కార్ఖానలు గూడ సమ్మెల కలిసినయ్, తెల్వదా?"

గుల్షన్ బీ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. నిన్న సాయంత్రం ఆటోలో మైకు పెట్టి చెప్పిన మాటే అది. పొయ్యి ముందు కూర్చుని వింది. మాల్ పోదు, పైసలు రావు అని బాధపడింది కూడా. మాల్ పోకపోతే గంపా పోకూడదన్న సంగతి మాత్రం ఆమె బుర్రకు తట్టలేదు.

"మరిచిపోయిన బిడ్డా. తిరిగి పోతం" అంది.

"మరుసుడు కాదు. మేం ఎండల కూసోని సస్తుంటె మీరు దొంగతనంగ మాల్ ఇచ్చుకుంటుండ్రు. గిట్లనే తెలంగాణ అస్తదా?" వాడి గొంతు లేచింది. నలుగురు చేరారు. వాళ్ళలో దేవవ్వ కొడుకు దేవేందర్ ఉన్నాడు. పక్క గది పిల్లవాడే, ఈ టెంట్‌కు లీడర్. నల్ల బురఖాల్లో ఎవరో పోల్చుకోలేదు.

"ఏముందో సూపెట్టమను అన్నా" అన్నాడు దేవేందర్.

"వద్దు బిడ్డా, నీకు దండం పెడ్త" అంటూనే ఉంది ఆమె. కథలాపూర్ మనిషి చాట అంచు పట్టి లేపాడు. గంప ఒరిగింది. లోటా జారి తారు రోడ్డు మీద పడి, ఖణేల్మని మోగి, దొర్లుకుంటూ పోయి టెంట్ గుంజకు తగిలి ఆగింది. నీళ్ళు బీడీల మీద, రోడ్డు మీద పారాయి.

పాట ఆగింది. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. దేవేందర్ ముఖం పాలిపోయింది. ఆ గొంతు ఇప్పుడు పోల్చుకున్నాడు. "చాచీ..." అన్నాడు.

టెంట్ కింద ఆదిల్ లేచి నిలబడ్డాడు. తల్లిని చూశాడు, ఆమె వెనక పెళ్ళాన్ని చూశాడు. అటు తిరిగి మళ్ళీ కూర్చున్నాడు.

గుల్షన్ బీ వంగి తడిసిన కట్టలు ఏరుతోంది. ఎందుకు ఏరుతోందో ఆమెకే తెలియదు, చేతులకు ఏదో పని కావాలి. వెనక్కి చూస్తే రుఖయ్యా కదలకుండా నిలబడి ఉంది. బురఖా అంచు తడిసి పాదాలకు అంటుకుంది. ఆమె నిలబడిన చోట రోడ్డు మీద తడి పెరుగుతోంది. ఆ నీళ్ళు లోటావి కావని అంతమందిలో గుల్షన్ బీకి ఒక్కదానికే తెలిసింది. లేచి, వెళ్ళి, కోడలి కాళ్ళకు అడ్డంగా నిలబడి, రోడ్డు మీది నీళ్ళలో నానిన తువ్వాలను అక్కడే పిండేసింది. మీద ఇంకా నీళ్ళు పడ్డాక ఏది ఏ తడో ఎవరికి తెలుస్తుంది?

"పా బేటీ, ఇంటికి పోదాం" అంది.

ఆ పూట ఆదిల్ ఇంటికి అన్నం వేళకు రాలేదు. పొద్దుగూకాక వచ్చి గడపలో కూర్చుని, చేతిలో లోటా కింద పెట్టాడు. ఎవరో ఇచ్చారట. దాని మూతి సొట్టబోయింది.

"గంతమందిల ఇజ్జత్ తీస్తిరి" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

"ఎవని ఇజ్జత్ రా?" గుల్షన్ బీకి ఒళ్ళు మండింది. "చాట లేపినోని ఇజ్జత్ పోలే, నవ్వినోని ఇజ్జత్ పోలే, మాదే పోయిందా? నీ పెండ్లాం గాడ నిలవడ్డది. నువ్వేం జేసినవ్? కూసున్నవ్."

"నేనేం జేయాలె అమ్మీ? గది నా పెండ్లాం అని మైకుల చెప్పాల్నా?"

నిజంగానే ఏం చేయాలో ఆమెకూ తెలియదు.

"పగటిపూట పోవద్దు" అన్నాడు ఆదిల్. "పొద్దుగాల్ల, చీకటుండంగ పోయి రారి."

"చీకట్ల మీ టెంట్ల పండుకున్నోళ్లంత ఎటు లేస్తరు? మొగోళ్ల దిక్కు చాలక ఆడోళ్ల దిక్కు గూడ వాళ్లే పోతుండ్రు. మేమేమో గోడకాడ నిలవడాల్నా?"

అబద్ధం కాదని ఆదిల్‌కు తెలుసు. అతనూ ఆ వరసలో నిలబడ్డవాడే.

రుఖయ్యా వాళ్ళ మాటలు వింటూనే మర్నాటి ఆకు తడిపింది. కార్ఖానా తెరిచేదాకా ఇంట్లో ఉన్న ఆకైనా చుట్టి పెట్టుకోవాలి కదా. తునికాకు మీద నీళ్ళు చిలకరించి, తడి గోనెలో చుట్టి, మూలకు పెట్టింది. తర్వాత అత్త ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు అందుకుని, పెదవులు తడుపుకుని, కింద పెట్టేసింది.

"తాగు బేటీ."

"దూప లేదు అమ్మీ."

మర్నాడూ అదే మాట. బీడీలు చేసే ఆడవాళ్ళకు ఈ విద్య కొత్తది కాదు. పొద్దున ఒక గుక్క, అన్నంలో ఒక గుక్క, అంతే. నీళ్ళు తాగకపోతే లేవనక్కర్లేదు, లేవకపోతే చేతిలో పని ఆగదు. గుల్షన్ బీ ఆ వాడకు కోడలిగా వచ్చిన కొత్తలో అత్త ఆమెకు నేర్పింది అదే. అది పొట్టలో బిడ్డ లేనప్పుడు. గది మూలన పరదా చాటున జాలారి ఉంది, స్నానానికి. దాని నీళ్ళు కాలువలేకుండా తిన్నగా గల్లీలోకే వస్తాయి. సమ్మె మొదలయ్యాక గల్లీలో పొద్దంతా మగవాళ్ళు పేకాడుతూ కూర్చుంటున్నారు. తప్పనిసరై రుఖయ్యా ఒకసారి జాలారిలోకి వెళ్ళి, వెంటనే చెంబెడు నీళ్ళు పోసింది. బయట ఎవడో కాళ్ళు పైకి తీసుకుంటూ, "ఎవలు బోలు తోముతుండ్రు?" అని అరిచాడు. ఆ తర్వాత ఆమె అటు కూడా పోలేదు.

మూడో పొద్దుకు ఒళ్ళు కాలిపోతోంది. నడుములో పోటు. మూత్రానికి పోతే మంట అని చెప్పడానికి సిగ్గుపడి, కడుపులో నొప్పి అని మాత్రం చెప్పింది. గుల్షన్ బీకి అర్థమైంది. దేవవ్వ వచ్చి రుఖయ్యా నుదురు మీద చెయ్యి వేసి చూసి, నోరు నొక్కుకుంది.

"ఓయమ్మో, గిట్ల కాల్తుంటె ఇంట్ల పెట్టుకొని కూసున్నవా గుల్షన్? జగిత్యాల తోల్కపో. మావానితోని ఆటో మాట్లాడిపిస్త. వానికి ఆనాటి సంది బువ్వ పోతలేదు, మొకం చూపెట్టలేక మీ దిక్కు రాక తిరుగుతుండు."

"వాని తప్పేముందిలే అక్కా."

"తప్పే. చాట మీద మొగోని చెయ్యి ఎందుకు పడాలె? సరే తియ్యి, ఇప్పుడు గవన్నెందుకు, లెవ్వు."

దేవేందర్ ఆటోకు తెలంగాణ జెండా కట్టి, అద్దం మీద కాగితం అంటించి పంపాడు. గుల్షన్ బీ పక్కన రుఖయ్యా ముడుచుకుని కూర్చుంది. ఆదిల్ డ్రైవర్ పక్కన. మేడిపల్లి దగ్గర రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండ్లు నిలిపి రాస్తారోకో చేస్తున్నారు. ఆటో ఆగింది. లోపల కడుపుతో ఉన్న పిల్ల ఉందని తెలియగానే వాళ్ళే ఎడ్లను పట్టి పక్కకు జరిపారు. ఒక ముసలాయన తన సీసాలో నీళ్ళు రుఖయ్యాకు అందించాడు.

"తాగు బిడ్డా, ఎండ బాగున్నది."

రుఖయ్యా సీసా అందుకుని అత్త వైపు చూసింది. జగిత్యాల దాకా ఇంకా ఎంత దూరమో, అక్కడ ఏముంటుందో. సీసా తిరిగి ఇచ్చేసింది. అంత మంచివాళ్ళ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా గుల్షన్ బీకి వీల్లేకపోయింది.

ఆసుపత్రిలో సమ్మె ఉన్నా అత్యవసరానికి ఒక డాక్టరమ్మ ఉంది. పొట్ట తడిమింది, గుండె చప్పుడు విన్నది, మూత్రం పట్టుకు రమ్మని చిన్న డబ్బా ఇచ్చింది. ఆడవాళ్ళ దొడ్డికి గడియ లేదు. గుల్షన్ బీ బయట నిలబడి, తలుపుకు వీపు ఆనించి, కాళ్ళు నేలకు తన్ని పట్టింది. లోపలి నుంచి చాలాసేపు ఏ చప్పుడూ రాలేదు. తర్వాత చిన్నగా మూలుగు, ఆ తర్వాత ఏడుపు. "మెల్లగ బేటీ, ఎవ్వలు రారు, నేనున్న" అంటూ ఉండిపోయింది ఆమె.

డాక్టరమ్మ డబ్బా చూసి తల పట్టుకుంది.

"ఇది మూత్రమా, కషాయమా? నీళ్లు తాగుతలేవా?"

రుఖయ్యా తల దించుకుంది.

"చీము వడ్డది. జ్వరం గందుకే. చూడమ్మా, నువ్వు ఆమె అత్తవా? మందులు ఇస్తున్న. కని మందుల కన్న ముందు నీళ్లు. పొద్దంత తాగాలె, ఎప్పుడొస్తె అప్పుడు పోవాలె, ఆపుకోవద్దు. గిట్లనే ఉంటె నెలలు నిండకుండనే నొప్పులు అస్తయ్. బిడ్డ దక్కది. అర్థమైందా?"

"అర్థమైంది మేడం" అంది గుల్షన్ బీ. అర్థం కాకపోవడానికి అందులో ఏముంది?

సూది వేయించుకుని, మందులు తీసుకుని బయటికొచ్చాక రుఖయ్యా వరండాలో కుండ దగ్గర ఆగి, గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగింది. గుల్షన్ బీ ఆశ్చర్యపోయి చూసింది. కాసేపు బల్ల మీద కూర్చున్నారు. ఆటో ఆయన తొందర పెడుతున్నాడు.

"అమ్మీ, ఇంకొక్కసారి పోయొస్త" అంది రుఖయ్యా.

మళ్ళీ గుల్షన్ బీ తలుపుకు వీపు ఆనించింది. ఈసారి కోడలు తొందరగానే వచ్చింది. ముఖం కడుక్కుంది. ఆటో వైపు నడుస్తూ ఒకసారి వెనక్కి తిరిగి ఆ గడియలేని తలుపు చూసుకుంది. పుట్టింటి నుంచి వస్తున్నప్పుడు కూడా ఆ పిల్ల అలా చూడలేదు.

మర్నాడు ఇంజనీరు సారు వచ్చాడు. కారు అద్దానికి జై తెలంగాణ కాగితం. వెంట సుజాత, సిరిసిల్ల నుంచి స్కూటీ మీద వచ్చి, దుమ్ము కొట్టుకుపోయిన ముఖంతో. ఆయన చెడ్డవాడేమీ కాదు. చెప్పులు విప్పి టెంట్‌లో కూర్చుని, సమ్మెకు మద్దతు చెప్పి, చాయ్ తాగాడు. తర్వాత దొడ్లు చూడటానికి లేచాడు. తలుపు తలుపూ తీసి చూశాడు. ఆడవాళ్ళ వైపు కూడా నేల తడి, గోడల మీద చేతుల మరకలు.

"చూశావా సుజాతా? ఆడవాళ్ళ వైపు వాడకం లేదని రాశావు. ఎంత బాగా వాడుతున్నారో చూడు. ఇంత వాడకం నేనెక్కడా చూడలేదు."

"అది కాదు సార్..." అంది సుజాత. టెంట్ వైపు చూసి, ఆగిపోయింది. మగవాళ్ళ ముందు ఆమెకూ నోరు పెగల్లేదు.

గుల్షన్ బీ గడపలో నిలబడి ఇదంతా చూస్తోంది. లోపల రుఖయ్యా గ్లాసు ముందు పెట్టుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి అది అలాగే ఉంది. గుల్షన్ బీ ముఖం మీది తెర వెనక్కి వేసుకుంది. రోడ్డు దాటింది. చేతిలో గంప లేదు. వట్టి చేతులతో అటువైపు పోవడం ఆమెకు ఎంత కొత్తగా ఉందంటే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

"సారూ, ఆ దిక్కు వాడేది ఆడోళ్లు కాదు. మొగోళ్లు."

టెంట్ కింద మాటలు ఆగాయి. ఆదిల్ "అమ్మీ" అంటూ లేవబోయాడు.

"కూసో" అంది, అతని వైపు చూడకుండానే. "మీరు మీటింగ్ పెట్టినప్పుడు నేను తల ఊపిన. తప్పు నాదే అనుకోండ్రి. గప్పుడు చెప్పంది గిప్పుడు చెప్తున్న. తలుపులు ఎనకదిక్కు ఉండాలె, రోడ్డు దిక్కు కాదు. తలుపు కింద సందు ఉండద్దు, కాళ్లు కనవడ్తయ్, చెప్పులు చూసి ఎవలో పోల్చుకుంటరు. నీళ్లు లోపల ఉండాలె. బురఖా తగిలేసుకుంటందుకు మేకు ఉండాలె. కడుపుతోనున్న పిల్ల కూసుంటె లెవ్వలేదు, పట్టుకుంటందుకు ఒక పైపన్న ఉండాలె. నెలనెల బట్టలు..."

అది భర్త బతికున్నన్నాళ్ళూ అతని ముందు కూడా ఎత్తని మాట. ఎదురుగా తన కళ్ళముందు పెరిగిన పిల్లలు, తన కొడుకు, తల దించుకుని కూర్చున్న ముసలివాళ్ళు.

"నెలనెల బట్టలు పారేసే జాగ ఉండాలె" అంది. "నా కోడలు నీళ్లు తాగుతలేదు సారూ. తాగకుంటె బిడ్డ దక్కదని జగిత్యాల డాక్టరమ్మ చెప్పింది."

ఇంజనీరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు నిజంగానే బాధ కలిగింది, ముఖంలో తెలుస్తూనే ఉంది.

"అమ్మా, మీరు చెప్పినవన్నీ న్యాయమే. కానీ ఇది నమూనా. అన్ని ఊళ్ళలో ఇలాగే కట్టాం. ఇప్పుడు పడగొట్టి తిప్పాలంటే మళ్ళీ మంజూరు కావాలి, సమ్మె అయిపోవాలి, ఆఫీసులు తెరవాలి. వచ్చే నమూనాలో తప్పకుండా చూద్దాం."

"వచ్చే నెలనే కానుపు సారూ."

ఆయన సుజాతతో "ఇవన్నీ రాసుకో" అన్నాడు.

పోయేముందు సుజాత గుల్షన్ బీ గదిలోకి వచ్చింది. రుఖయ్యా పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుంది. గుల్షన్ బీ నీళ్ళ గ్లాసు అందిస్తే వద్దంది.

"ఇంకా సిరిసిల్ల దాక పోవాలె చాచీ. పొద్దున ఇల్లు కదిలితె మళ్ల ఇంట్ల అడుగుపెట్టేదాక నేను గూడ నీళ్లు ముట్ట" అని, అన్నాక తన మాట తనకే వినబడినట్టు గబుక్కున లేచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం టెంట్ కింద చాలాసేపు మాటలు జరిగాయి. గుల్షన్ బీ మాటలు వాళ్ళను కదిలించాయని దేవవ్వ వచ్చి చెప్పింది. దేవేందర్ ఏడ్చాడట. కథలాపూర్ మనిషి చెవులు పట్టుకున్నాడట. "మనోళ్లు ఏదో ఒకటి చేస్తరు గుల్షన్, చూడు. నువ్వు నోరు తెరిసినవ్, గది ఊకె పోదు" అంది. గుల్షన్ బీకి ఎన్నో రోజుల తర్వాత ఛాతీలో బరువు తగ్గింది. కోడలి దగ్గర కూర్చుని, "రేపు అంత సక్కగైతది బేటీ. కాసిన్ని తాగు" అంది. రుఖయ్యా అత్త మాట మీద సగం గ్లాసు తాగింది.

పొద్దు పొడవగానే మైకు మోగింది.

"అమ్మలకు, అక్కచెల్లెండ్లకు విజ్ఞప్తి! ఆడోళ్ల దిక్కు బాత్రూములు ఇగ ఆడోళ్లకే. ఏ మొగోడు అటు పోయినా ఊకునేది లేదు. మా వాలంటీర్లు పొద్దంత కాపలా ఉంటరు. మన ఆడబిడ్డలు నిమ్మలంగ అచ్చి వాడుకోవాల్నని కోరుతున్నం. జై తెలంగాణ!"

"జై తెలంగాణ!" అంది టెంట్ అంతా.

గుల్షన్ బీ గడపలోకి వచ్చింది. అటువైపు, ఆడవాళ్ళ తలుపుల ఎదురుగా, నీళ్ళతొట్టి పక్కన రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. తొట్టి కడిగి నిండా నీళ్ళు పట్టారు. తలుపుల ముందు సున్నంతో గీత గీశారు. ఒక కుర్చీలో దేవేందర్. రెండో కుర్చీలో చేతిలో కర్రతో ఆదిల్. తల్లిని చూడగానే లేచి, ఇన్నాళ్ళకు తల ఎత్తి, రమ్మని చెయ్యి ఊపాడు. అతని ముఖం వెలిగిపోతోంది. ఆనాడు కూర్చుండిపోయినందుకు ఈనాడు నిలబడుతున్నానని కాబోలు.

గల్లీలో గడప గడపకూ ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు. ఒక్కతె కూడా అడుగు బయట పెట్టలేదు.

గుల్షన్ బీ రోడ్డు దాటి వెళ్ళింది.

"కుర్చీలు తీసెయ్యుండ్రి కొడుకా" అంది దేవేందర్‌తో, మెల్లగా.

"ఎందుకు చాచీ? కాపలా లేకుంటె మల్ల మొగోళ్లు జొరబడ్తరు. కొత్తోళ్లు దినాం అస్తుండ్రు, మన మాట వినరు."

"మీరు కూసుంటె మేం రాము బిడ్డా."

"మేం అటు చూడం చాచీ, ఒట్టు. మొకాలు రోడ్డు దిక్కు పెట్టి కూసుంటం. గీ ఆదిల్ నీ కొడుకే గదా."

"ఆదిల్ నా కొడుకు. దేవవ్వక్కకు, సుశీలకు, బుచ్చవ్వకు ఏమైతడు?"

దేవేందర్‌కు అది తలకెక్కలేదు. పాపం, ఎక్కించుకోవాలని చూశాడు. నుదురు ముడుచుకుని, "మరింకేం జెయ్యాలె చాచీ? నువ్వే చెప్పు, చేస్తం" అన్నాడు.

చెప్పాల్సిందంతా ఆమె నిన్న చెప్పేసింది. వీళ్ళు విన్నారు. రాత్రంతా కూర్చుని మాట్లాడుకుని, చేతనైనంత చేశారు. వినని వాళ్ళతోనైతే కొట్లాడవచ్చు. టెంట్ తీసేయండని అనబోయింది. టెంట్ మీద కట్టిన జెండా, దాని కింద అన్నం మానేసి పడుకున్న ముసలి కిష్టయ్య కనబడ్డారు. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏం లేదు బిడ్డా. కూసోండ్రి" అని తిరిగి వచ్చేసింది.

వెనక మైకు మళ్ళీ అందుకుంది. "అదుగో, మన గుల్షన్ చాచీ అచ్చి చూసి పోయింది. సిగ్గుపడకుండ్రమ్మా, రారి..."

రుఖయ్యా గదిలో తలుపు వైపే చూస్తూ కూర్చుంది. నిన్న తాగిన సగం గ్లాసుకు ఇప్పుడు మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని ఉంది. పక్కన గ్లాసు నిండా నీళ్ళు. పొద్దుటి మందుగోళీ దాని పక్కన.

"పోవచ్చా అమ్మీ?"

గుల్షన్ బీ గోడకు ఆనుకుని కూర్చుంది. బయట "జై తెలంగాణ" అన్నారు. ఆ గొంతుల్లో ఆదిల్ గొంతు వేరుగా వినబడింది.

రుఖయ్యా ఇక అడగలేదు. మందుగోళీ నాలుక మీద వేసుకుని, ఒక్క గుక్కతో మింగింది. తర్వాత గోనెసంచి విప్పింది. ఆకు అంచులు రాత్రికి రాత్రి ఎండి పెళుసెక్కాయి. డాక్టరమ్మ తాగమన్న ఆ నీళ్ళలో వేళ్ళు ముంచి ఆకు మీద చిలకరించింది. మళ్ళీ ముంచింది, మళ్ళీ చిలకరించింది. గ్లాసు అడుగు కనబడేదాకా అలాగే చేసింది.

ఆకు మెత్తబడింది. గుల్షన్ బీ చూస్తూనే ఉంది. కాసేపటికి లేచి, చాట తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టి, కత్తెర చేతికిచ్చింది.